పీకితే పోదు

ఉప్పునీటి అక్వేరియం పెంచేవాళ్లను బాగా విసిగించే జీవుల్లో ముందు వరసలో ఉండేది ఐప్టేజియా అనే చిన్న అనిమోన్. అంగుళం, రెండంగుళాల గోధుమరంగు జీవి. సన్నటి కాడ, దాని కొసన వెలుతురు దూరేంత పలచటి టెంటకిల్స్. రాతి సందులోనో, గవ్వ మీదో, కోరల్ ముక్క అడుగునో అంటుకుని ట్యాంకులోకి వచ్చేస్తుంది. మొదట ఒక్కటే కనిపిస్తుంది, చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కొన్ని నెలలు తిరిగేసరికి రాళ్ల నిండా అదే. పక్కనున్న కోరల్స్‌ను కుట్టి ముడుచుకుపోయేలా చేస్తుంది. అప్పుడు మనిషి చెయ్యి సహజంగా పోయేది చాకు మీదికి, పట్టకారు మీదికి. అసలు చిక్కు అక్కడే మొదలవుతుందని నా వాదన. ముక్కల నుంచి పుట్టే జీవిని పీకి వదిలించుకోలేం. దానికి తిండి తగ్గించాలి, దాన్నే తినే జీవిని తేవాలి, అన్నిటికంటే ముందు గుమ్మం దగ్గరే ఆపాలి.

దీని పుట్టుక చూస్తే ఎందుకో తెలుస్తుంది. ఐప్టేజియా తన పాదంతో రాతిని కరుచుకుని ఉంటుంది. మెల్లగా కదిలేటప్పుడు ఆ పాదం అంచు నుంచి చిన్న చిన్న తునకలు ఊడి రాతి మీద మిగిలిపోతాయి. ఒక్కో తునకా కొద్ది రోజుల్లో టెంటకిల్స్‌తో సహా పూర్తి అనిమోన్‌గా ఎదుగుతుంది. జత అక్కర్లేదు, గుడ్డు అక్కర్లేదు. నీళ్లు వెచ్చగా ఉండి తిండి బాగా దొరికితే ఈ పని ఇంకా వేగమందుకుంటుంది. కోరల్స్‌కూ వాటి ఒంట్లో బతికే శైవలాలకూ ఉన్న పొత్తును అర్థం చేసుకోవడానికి శాస్త్రవేత్తలు ఈ జీవినే లాబొరేటరీల్లో పెంచుతున్నారు. 2015లో దీని జీనోమ్‌ను ప్రచురించారు కూడా. అందుకు వాడిన సీసీ7 అనే వంశమంతా ఒకే ఒక్క జీవి నుంచి వచ్చింది. దేశదేశాల లాబుల్లో ఆ వంశం పేరుతో తొట్ల నిండా ఉన్నవి ఆ ఒక్కదాని తునకలే. చాకుతో గీకినప్పుడు రాతి గుంటలో ఆవగింజంత కండ మిగిలితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు. పైగా కదిలిస్తే కుట్టే దారాలను బయటికి వదులుతుంది, లేదా క్షణంలో సందులోకి ముడుచుకుపోతుంది.

లైట్లు ఆపేసి చీకట్లో ఉంచితే చస్తుంది కదా అనేవారున్నారు. దీని ఒంట్లోని శైవలాలకు వెలుతురు కావాలి కాబట్టి ఆ ఆలోచనలో కొంత న్యాయం ఉంది. కానీ లాబుల్లో శైవలాలను పూర్తిగా పోగొట్టిన ఐప్టేజియాను చీకట్లోనే ఉంచి, ఆర్టిమియా మేపుతూ ఏళ్ల తరబడి బతికిస్తున్నారు. మన తీరంలో రొయ్యల హేచరీ చూసినవాళ్లకు ఆర్టిమియా కొత్త కాదు, రొయ్య పిల్లకు వేసే మేతే. అంటే వెలుతురు లేకపోయినా మేత ఉంటే చాలు దీనికి. చేపలకు వేసింది మిగిలి రాళ్ల మధ్య చేరే ట్యాంకులో చీకటి వల్ల నష్టపోయేవి కోరల్సే.

కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె పొలాలకు నీళ్లిచ్చే కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలు ఎరిగినవాళ్లకు ఈ కథ కొత్తగా అనిపించదు. గుర్రపుడెక్క కూడా ఇలాగే పిలకలు తొడిగి ఒక్క మొక్క నుంచి కాలువంతా కమ్మేస్తుంది. పొక్లెయిన్‌తో లాగి గట్టున పోసినా తూము దగ్గర చిక్కుకున్న నాలుగు పిలకలు చాలు, మళ్లీ పరుచుకోవడానికి. దాని విత్తనాలు బురదలో ఏళ్ల తరబడి మొలకెత్తే శక్తితో పడి ఉంటాయి. అమెజాన్ ప్రాంతం నుంచి వచ్చిన ఈ మొక్క బెంగాల్ నీళ్లను ఎంతగా ఆక్రమించిందంటే, దాని మీద 1936లో అక్కడ ప్రత్యేకంగా చట్టమే చేశారు. చట్టం వచ్చినా మొక్క పోలేదు. 1980లలో దాన్నే తిని బతికే నియోకెటినా ముక్కుపురుగులను బెంగళూరుకు తెప్పించి చెరువుల్లో వదిలారు. 1995లో ఉగాండా కూడా విక్టోరియా సరస్సులో అవే పురుగులను వదిలింది. నాలుగైదేళ్లలో మొక్క భారీగా తగ్గింది. ఆ తగ్గుదలకు 1997-98 ఎల్ నినో వాతావరణం కూడా తోడైందనే పరిశోధకులున్నారు, తర్వాత కొన్నిచోట్ల మొక్క తిరిగొచ్చిన మాటా నిజం. అయినా పీకడం వల్ల రాని ఫలితం తినే పురుగు వల్ల వచ్చింది. పురుగు మొక్కను తుడిచిపెట్టదు, అదుపులో పెడుతుంది. ట్యాంకులోనైనా మనం ఆశించాల్సింది అంతే.

బలప్రయోగం గెలిచిన సందర్భమూ ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. కౌలెర్పా టాక్సిఫోలియా అనే సముద్రపు నాచు 1984లో మొనాకో సముద్ర మ్యూజియం ఎదుట నీళ్లలో కనిపించి, తర్వాత మధ్యధరా తీరంలో చాలాచోట్లకు వ్యాపించింది. అది కూడా తునకల నుంచి పెరిగేదే. అదే నాచు 2000లో కాలిఫోర్నియాలోని ఒక ఉప్పునీటి కయ్యలో కనపడింది. అక్కడివాళ్లు దాన్ని పీకలేదు. ఉన్నచోటే టార్పాలిన్లతో కప్పి, అంచులు బిగించి, లోపలికి క్లోరిన్ ఎక్కించారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి నీళ్లలో దిగి వెతుకుతూనే ఉన్నారు. 2006లో గానీ పోయిందని ప్రకటించలేదు. తొందరగా గుర్తించారు, కదపకుండా చంపారు, చంపాక కూడా కాపలా మానలేదు. ఈ మూడూ కుదిరితేనే బలం పనికొచ్చేది.

అక్వేరియంలో సున్నం వాడకానికీ ఇదే కొలత. శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్‌ను కొద్ది నీళ్లతో చిక్కగా కలిపి, పంపులు ఆపి, సిరంజితో అనిమోన్ నోటి మీద మెల్లగా వదిలితే అది సున్నాన్ని మింగి ఉన్నచోటే చచ్చిపోతుంది. నాలుగైదు మాత్రమే ఉన్నప్పుడు నేను సమర్థించే పద్ధతి ఇదే. కానీ యాభై ఉన్న ట్యాంకులో ఒకే పూట అన్నిటి మీదా పోస్తే నీళ్ల పీహెచ్ అమాంతం పెరుగుతుంది, అనిమోన్ల కంటే ముందు చేపలు తల్లడిల్లుతాయి. కనపడనివాటికి సున్నం ఎలాగూ అందదు. సందుల్లోకి చొరబడి వెతికే ప్రాణి కావలసింది అప్పుడే.

అలాంటి ప్రాణుల్లో నా ఓటు బెర్ఘియాకు. ఇది అంగుళానికి మించని సముద్రపు నత్త, గుల్ల ఉండదు, తినేది ఐప్టేజియాను మాత్రమే. పెప్పర్‌మింట్ రొయ్యలు కూడా తింటాయి గానీ వాటిలో అన్నీ తినవు, చేపల మేత దొరికితే అటే పోతాయి. వాటి పోలికతో ఉండే ఒంటె రొయ్యను పొరపాటున తెస్తే అది కోరల్స్‌నే తింటుంది. పొడుగు ముక్కు కాపర్‌బ్యాండ్ సీతాకోక చేప కొన్ని ట్యాంకుల్లో బాగా తింటుంది, కొన్నిట్లో దేన్నీ ముట్టకుండా ఆకలితో చస్తుంది. బెర్ఘియాకు ఖర్చెక్కువ, దొరకడం కష్టం కావచ్చు, ర్యాస్ చేపలు దాన్ని తినేస్తాయి, ఫలితానికి నెలలు పడుతుంది. ఈ అభ్యంతరాలన్నీ నిజమే. ఐప్టేజియా అయిపోతే బెర్ఘియా ఆకలితో చస్తుందన్నదీ నిజం, కాబట్టి పని ముగియగానే దాన్ని అవసరమున్న మరో ట్యాంకుకు చేర్చే బాధ్యత మనదే. అయినా దాని నోరు ఒకే తిండికి కట్టుబడి ఉండటమే నాకు ధైర్యం. ముక్కుపురుగును ఎంచుకున్నదీ ఆ గుణం చూసే.

ఇంత శ్రమ కంటే రానీయకపోవడం తేలిక. ఈ పాఠాన్ని మన తీరం చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ కోస్తా అంతటా టైగర్ రొయ్య చెరువులను ఊడ్చేసింది. 2009లో వెన్నామి రొయ్య సాగుకు అనుమతిచ్చినప్పుడు, విదేశాల నుంచి వచ్చే తల్లిరొయ్యలను చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉంచి పరీక్షించాకే హేచరీలకు ఇవ్వాలన్న షరతు పెట్టారు. ఇంట్లో గాజు తొట్టెకు అంత హంగు అక్కర్లేదు. కొత్తగా తెచ్చిన రాయినీ గవ్వనూ నాచునూ కొన్ని వారాలు వేరే తొట్టెలో పెట్టి, రాత్రిపూట టార్చి వేసి చూస్తే చాలు. సముద్రం నుంచి తీసిన కోరల్ రాయి జోలికి అసలు పోకూడదు. కోరల్స్ 2001 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పొడి రాయితో మొదలుపెడితే చట్టమూ నిలుస్తుంది, ఐప్టేజియాకు పెద్ద దారీ మూసుకుపోతుంది.

చేపలు మాత్రమే ఉన్న ట్యాంకులో నాలుగు ఐప్టేజియాలు ఉంటే నష్టమేమిటని అడిగితే, పెద్ద నష్టం లేదనే నా జవాబు. మేత కొలిచి వేస్తూ కనిపెట్టి ఉంటే సరిపోతుంది. పూర్తిగా వదిలించుకోవాలనుకునేవారికి మాత్రం రెండు విన్నపాలు. రాళ్లను నీళ్లలో వేసి ఉడకబెట్టకండి. జోవాంథిడ్స్ అనే జీవులు అంటుకున్న రాళ్లను మరిగించినప్పుడు పాలిటాక్సిన్ అనే విషం ఆవిరిలో కలిసి ఇంట్లోవాళ్లు ఆసుపత్రి పాలైన ఘటనలున్నాయి. అలాంటివి అంటుకున్న రాయిని ఒట్టి చేతులతో కూడా ముట్టుకోవద్దు. చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని రాళ్లను బయటికి తీసి, పిల్లలకు అందని చోట వారాల తరబడి ఎండలో ఎండబెట్టండి. ఆ రాళ్లనూ ఆ నీళ్లనూ సూర్యలంక ఒడ్డునో నిజాంపట్నం రేవులోనో పారబోయకండి.