ప్లాట్‌ఫాం సాగదీసే లెక్క

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం పొడవు 1072 మీటర్లు, పైన ఒక అర మీటరు. ప్రపంచంలో ఇంతకన్నా పొడవైంది లేదని ఊళ్లోని మథురాకాటి, నిమ్‌పురా పేటల తెలుగువాళ్లం ఏళ్ల తరబడి చుట్టాలకి చెప్పుకున్నాం. 2013లో గోరఖ్‌పూర్ 1366 మీటర్లతో ఆ గొప్ప లాగేసుకుంది. కాగితం మీదైతే తిరిగి లాక్కోవడం తేలికే. 1072ని పదుల్లో కాకుండా పదకొండుల్లో చదవండి. వేల స్థానం విలువ 1331 అవుతుంది, పదుల స్థానం 11. అంటే 1331, 77, 2 కలిసి 1410. గోరఖ్‌పూర్ వెనకబడింది. 2023లో హుబ్బళ్లి 1507తో వచ్చిందంటారా? వచ్చిన 1410ని పన్నెండుల్లో చదివితే 2316!

1957 దాకా రూపాయికి 16 అణాలు, అణాకి 4 కానులు లెక్కన జీతం లెక్కపెట్టుకున్న మన రైల్వే వర్క్‌షాప్ తాతలకి ఇదేమంత వింత కాదు.

రైలు కోసం కూర్చున్నప్పుడల్లా నాకు ఇదే కాలక్షేపం. కాలిక్యులేటర్ ముట్టుకోను, పెన్సిలే. 10 రాసి, బేస్ (ఎన్నేసి లెక్కన చదవాలో ఆ సంఖ్య) 11 నుంచి ఒక్కొక్కటే పెంచుతూ, వచ్చినదాన్నల్లా మళ్లీ చదువుతూ పోతాను: 10, 11, 13, 16, 20, 30, 48, 76, 132, 420, 1640, 11991. మొదట్లో యార్డులో గూడ్సులా కదిలీ కదలనట్టుంటుంది. 132 దగ్గర మూడో అంకె పుడుతుంది. అక్కణ్ణించి బేస్‌తో పాటు బేస్ వర్గం కూడా లెక్కలోకొస్తుంది. 19 వర్గమే 361 మరి! చేత్తో వేస్తేనే ఆ తోపు తెలుస్తుంది.

10, 11, 12 అంటూ వరసగా పెరిగే ఇవే సంఖ్యల్ని చివరి బేస్ నుంచి వెనక్కి విప్పుకుంటూ వస్తే వేరే వరుస వస్తుంది. పై లెక్కలో 16 దాకా వెళ్తే 48 వస్తే, ఇందులో 31. యాపిల్‌గేట్, లెబ్రన్, స్లోన్ అనే ముగ్గురు వీటిని నేలమాళిగలన్నారు.

బేస్ తగ్గించుకుంటూ పోతే? 1072ని తొమ్మిదిలో చదివితే 794. దాన్ని ఎనిమిదిలో చదవాలంటే అందులో 9 ఉంది, కుదరదని లెక్కల మాస్టారు కొట్టేస్తారు. నేను ఒప్పుకోను. స్టేషన్ మైకులో రైలు 90 నిమిషాలు ఆలస్యమంటే, గంటకి అరవయ్యే కదా అని ఎవరైనా అడుగుతున్నారా? కాబట్టి 524. ఆపైన 263, 111, 31, 13, 6. ఆరు మీటర్ల ప్లాట్‌ఫాం మీద ఒక్క పెట్టె కూడా పట్టదు.