పసుపు లైటు చదివే చేతులు

డాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మ పసుపురంగులో వెలిగితే విశాఖలో ఎన్నో కార్లు గాజువాక పక్కనున్న ఆటోనగర్ దారి పడతాయి. అక్కడి మంచి మెకానిక్ మొదట అడిగేది ఒకటే: లైటు నిలకడగా ఉందా, కొట్టుకుంటోందా? నిలకడగా ఉండి, బండి మామూలుగా నడుస్తుంటే నెమ్మదిగా తీసుకురమ్మంటాడు. కొట్టుకుంటుంటే ఇంజిన్ మిస్ కొడుతున్నట్టే. మండని పెట్రోలు సైలెన్సర్ వైపు పోయి కెటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది. అందుకే బండి పక్కకు ఆపెయ్యమంటాడు.

తర్వాత స్టీరింగ్ కింది సాకెట్‌కి స్కానర్ తగిలిస్తాడు. పీ0171 అనే కోడ్ వచ్చిందనుకోండి, గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని అర్థం. యంత్రం చెప్పేది అంతవరకే. ఆక్సిజన్ సెన్సర్ మార్చేసి బిల్లు రాయడం సులువు. నా గౌరవమంతా ఆ తొందర పడనివాడి మీదే. అతను రబ్బరు గొట్టాల్లో పగుళ్ళు వెతుకుతాడు, ఎయిర్‌ఫ్లో సెన్సర్ శుభ్రం చేస్తాడు, పెట్రోలు పంపు ప్రెషర్ కొలుస్తాడు. ఉప్పుగాలి ఊరు కదా, కనెక్టర్లు ఊడదీసి పిన్నులకు చిలుం పట్టిందేమో కూడా చూస్తాడు. ఒక్కోసారి జబ్బంతా ఆ పిన్నులోనే.

బండి తన లోపాన్ని తానే పట్టుకోవాలనే ఈ స్వీయపరీక్ష నిబంధనలు మన దేశంలో 2010లో బీఎస్-4 కాలుష్య ప్రమాణాలతో మొదలై, 2020లో బీఎస్-6తో బాగా బిగుసుకున్నాయి. కార్బురేటర్‌ని చెవితో విని సరిచేసిన తరం ఈ కోడ్‌లనూ పనిలోనే నేర్చుకుంది. అలాంటివాడు కోడ్ చెరిపేసి తాళాలు చేతిలో పెట్టడు. స్టీల్‌ప్లాంట్ రోడ్డు మీద ఓ చుట్టు నడిపి, రీడింగులు మళ్ళీ చూసుకున్నాకే ఇస్తాడు.