కోచ్ కాపురం ఎత్తేసేటప్పుడు

విదేశంలో కోచ్ ఉద్యోగం ఏదో ఒక పెద్ద పోటీని చూసుకుని కుదురుతుంది. బ్యాడ్మింటన్, హాకీ, అథ్లెటిక్స్ లాంటి ఆటలకు నాలుగేళ్ల ఒలింపిక్ లెక్క, క్రికెట్‌కు ప్రపంచకప్ లెక్క, క్లబ్బులకూ అకాడమీలకూ సీజన్ లెక్క. గడువు రెండేళ్లో మూడేళ్లో రాసుకుంటారు; జట్టు వరసగా ఓడితే అంతకన్నా ముందే తెగిపోతుంది. ఒప్పందం కోచ్ ఒక్కరి పేరు మీదే ఉంటుంది. దాని చుట్టూ అల్లుకున్న సంసారం మాత్రం, అంటే అద్దె ఇల్లు, పిల్లల బడి, కరెంటు బిల్లు, డాక్టరు, ఇరుగుపొరుగు, ఎక్కువగా భార్య చేతుల మీదుగా నడుస్తుంది. కోచ్ ఆడమనిషైతే ఆ పని భర్తది. చివరికి కాపురం ఎత్తేయాల్సిందీ వాళ్లే. ఒప్పందంలో చివరి నెల అంటే చాలాసార్లు చివరి టోర్నమెంటు నెల. ఇంటి ఓనరు తాళాలు తీసుకోవడానికి వచ్చే రోజున కోచ్ జట్టుతో పాటు ఇంకో దేశంలో ఉంటాడు.

పావగడ పాఠకులకు దీనికి ఉదాహరణలు దూరాన లేవు. తాలూకా ఉన్నది కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో. మూడు దిక్కులా ఆంధ్రప్రదేశ్, ఇళ్లలో తెలుగు. విదేశీ కోచ్‌లు వచ్చిపోయే ఊళ్లలో బెంగళూరు బస్సుకు దగ్గర, హైదరాబాదు మాటకు దగ్గర.

హైదరాబాదునే ముందు చూడవచ్చు. ఇండోనేషియాకు చెందిన ముల్యో హండోయో 2017లో గోపీచంద్ అకాడమీకి వచ్చాడు. ఆ ఏడాది కిదాంబి శ్రీకాంత్ ఇండోనేషియా, ఆస్ట్రేలియా, డెన్మార్క్, ఫ్రాన్స్‌లలో నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు గెలిచాడు. అంతటి ఏడాది ముగిసేసరికి ముల్యో కుటుంబ కారణాలు చెప్పి, తన ఇంటికి దగ్గరగా ఉండే సింగపూర్‌కు వెళ్లిపోయాడు. డబుల్స్ చూసుకున్న మలేషియా కోచ్ తాన్ కిమ్ హర్ 2019 మొదట్లో వ్యక్తిగత కారణాలతో గడువుకు ముందే తప్పుకున్నాడు. ఆ స్థానంలోకి వచ్చిన ఫ్లాండీ లింపెలే 2020లో కుటుంబం కోసమే వెళ్లిపోయాడు. వీటి మధ్యలోనిది కొరియా కోచ్ కిమ్ జి హ్యున్ సంగతి. 2019 ఆగస్టు 25న బాసెల్‌లో పి.వి. సింధు ఒకుహారాను 21-7, 21-7తో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయింది. సింధు ఆటలో లోపాలను దిద్దిన ఘనతలో పెద్ద వాటా కిమ్‌దే. సెప్టెంబరు ముగియకముందే, భర్తకు జబ్బు చేయడంతో, ఆమె అన్నీ వదిలి న్యూజిలాండ్ విమానం ఎక్కింది. టోక్యో ఒలింపిక్స్‌కు సింధును సిద్ధం చేసే పని పార్క్ తే సాంగ్‌కు దక్కింది. అక్కడ సింధుకు కాంస్యం వచ్చింది.

వీళ్లెవరూ ఓడిపోయి వెళ్లినవాళ్లు కారు. రెండేళ్ల పైచిలుకు కాలంలో ఇంతమంది ఇంటి కారణంతోనో సొంత కారణంతోనో వెళ్లిపోతే అది యాదృచ్ఛికం అనిపించుకోదు. ఆటగాడికి ఫిజియో, ట్రైనర్, వీడియో విశ్లేషకుడు ఉండాలని అందరూ ఒప్పుకున్నారు. కోచ్‌ను నిలబెట్టేది ఇల్లు అన్న మాటకు మాత్రం ఒప్పందంలో ఒక్క పేరా అయినా దొరకడం అరుదు.

బెంగళూరు కథ కూడా ఇలాంటిదే. భారత మహిళల హాకీ జట్టు టోక్యోలో నాలుగో స్థానంలో నిలిచింది. 2021 ఆగస్టు 6న కాంస్యం కోసం జరిగిన ఆటలో బ్రిటన్ చేతిలో 3-4తో ఓడింది. ఆ జట్టును అక్కడిదాకా తెచ్చిన నెదర్లాండ్స్ కోచ్ స్యోర్డ్ మారిన్ అదే తన ఆఖరి ఆట అని ప్రకటించాడు. అతనికి కోవిడ్ కాలమంతా బెంగళూరు సాయ్ శిబిరంలో జట్టుతోనే గడిచింది. భార్యాపిల్లలు స్వదేశంలో ఉన్నారు. క్రికెట్‌లో భారత కోచ్ గ్యారీ కిర్‌స్టెన్ కూడా 2011 ఏప్రిల్ 2న ముంబైలో ప్రపంచకప్ గెలిచాక, ఉండమన్నా ఉండకుండా ఇంటిదారి పట్టాడు. తర్వాత సొంత దక్షిణాఫ్రికా జట్టుకే కోచ్ అయ్యాడు, 2013లో ఆ పనినీ కుటుంబం పేరు చెప్పే వదిలేశాడు. దీన్నిబట్టి తేలేది ఒకటుంది: కోచ్ ఇంటిని తినేది పరదేశం ఒక్కటే కాదు, ఏడాదిలో ఎక్కువ రోజులు సూట్‌కేసులో బతికించే ఆ క్యాలెండరు కూడా.

ఇక్కణ్నుంచి బయటికి వెళ్లినవాళ్లూ ఉన్నారు. నాసిక్‌కు చెందిన శైలజా జైన్ ఇరాన్ మహిళల కబడ్డీ జట్టుకు కోచ్‌గా వెళ్లింది. 2018 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో ఆ జట్టు 27-24తో భారత్‌నే ఓడించింది. కర్ణాటక రంజీ జట్టుకు కోచ్‌గా పనిచేసిన జె. అరుణ్‌కుమార్ 2020లో అమెరికా క్రికెట్ జట్టుకు ప్రధాన కోచ్ అయ్యాడు. పేరున్న వీళ్ల వెనక పేర్లు ఎక్కడా అచ్చుకాని పెద్ద వరుస ఉంది: గల్ఫ్‌లోని ఇండియన్ స్కూళ్లలో వ్యాయామ ఉపాధ్యాయులు, సాయంత్రం అకాడమీల్లో క్రికెట్, బ్యాడ్మింటన్ నేర్పేవాళ్లు. కాపురం ఎత్తేసే తంటా వాళ్ల ఇళ్లలోనే ఎక్కువ. పెద్ద జట్టుకైతే మేనేజరు ఉంటాడు. అకాడమీ కోచ్‌కు ఉన్న మేనేజరల్లా భార్యే.

తిరుగు ప్రయాణం ఎంత కష్టమవుతుందో వెళ్లిన రోజు దొరికిన వీసాయే చాలావరకు తేలుస్తుంది. అమెరికాకు ఓ-1 లేదా పి-1 వీసా మీద వెళ్లిన కోచ్ వెంట ఓ-3, పి-4 వీసాలతో వెళ్లిన భార్య చదువుకోవచ్చు గానీ ఉద్యోగం చేయకూడదు. బ్రిటన్‌లో 2021 అక్టోబరు నుంచి క్రీడాకారులకూ కోచ్‌లకూ కలిపి ఒకే వీసా నడుస్తోంది. అక్కడ భాగస్వామి ఏ ఉద్యోగమైనా చేయవచ్చు, వృత్తి క్రీడాకారుడిగానో కోచ్‌గానో తప్ప. ఇద్దరూ కోచ్‌లైన జంటకు ఈ ఒక్క మినహాయింపు చాలు, ఒకరి విద్య అటకెక్కడానికి. భారత్‌కు వచ్చే కోచ్‌ల భార్యలకు ఇచ్చేది ఎంట్రీ వీసా. దాని మీదా ఉద్యోగానికి వీల్లేదు. ఉద్యోగం లేని మనిషికి జీతం స్లిప్పు ఉండదు. అద్దె పత్రం, కరెంటు కనెక్షన్, బ్యాంకు ఖాతా అన్నీ కోచ్ పేరు మీదే పడతాయి. ముగించే రోజున సంతకం పెట్టాల్సినవాడు ఊళ్లో ఉండడు, ఊళ్లో ఉన్నామె సంతకం చెల్లదు. దీనికి మందు ముగింపులో దొరకదు. దిగిన మొదటి వారంలోనే ఖాతాను ఉమ్మడిగా తెరవడం, అద్దె పత్రంలో రెండో పేరు రాయించడం, కరెంటు ఆఫీసులో ఇద్దరి ఫోన్ నంబర్లూ ఇవ్వడం లాంటి చిన్న పనులు అప్పుడు చాదస్తంగా కనిపిస్తాయి. రెండేళ్ల తర్వాత వాటి విలువ తెలుస్తుంది.

ఎత్తేయడానికి ఒక వరస ఉంది. అది తప్పితే డబ్బుతో పాటు ఓపికా పోతుంది. దుబాయ్‌నే తీసుకుంటే, భార్యాపిల్లల వీసాలు ముందు రద్దవ్వాలి, కోచ్ వీసా ఆ తర్వాత. ఇంటి అద్దె ఒప్పందం నమోదైన ఎజారీని రద్దు చేయించాలి. కరెంటు, నీళ్లకు సంబంధించిన దేవా సంస్థ ఆఖరి బిల్లు కట్టాకే డిపాజిట్ తిరిగొస్తుంది. కారు రుణమో క్రెడిట్ కార్డు బాకీయో ఉంటే, ఉద్యోగం ముగిసిన లెక్క డబ్బు ఖాతాలో పడగానే బ్యాంకు దాన్ని ఆపేసే అవకాశం ఉంది. కాబట్టి కారు అమ్మకం ముందు, ఆఖరి జీతం వెనక. ఫోన్ నంబరును అన్నిటికన్నా చివర రద్దు చేయాలి. బ్యాంకు పంపే ఓటీపీలన్నీ దానికే వస్తాయి. ఈ ఒక్కటి మరిచి, స్వదేశానికి చేరాక తమ డబ్బును తామే తెరపై చూస్తూ తీసుకోలేకపోయేవాళ్లు తక్కువేం కాదు.

పిల్లల బడి దగ్గర వరస పూర్తిగా తలకిందులవుతుంది. ఒలింపిక్స్ జూలై, ఆగస్టుల్లో వస్తాయి. కర్ణాటకలో బడులు జూన్ నాటికే మొదలై ఉంటాయి. గల్ఫ్‌లోని సీబీఎస్‌ఈ స్కూళ్లు ఏప్రిల్‌లో తెరుస్తారు, బ్రిటన్‌లో సెప్టెంబరులో. కోచ్ ఒప్పందం ముగిసే నెలలో చాలాసార్లు పిల్లల చదువు మధ్యలో తెగుతుంది. అందుకే చాలా ఇళ్లలో సంసారం రెండు విడతలుగా కదులుతుంది: తల్లీపిల్లలు ముందు, కోచ్ పోటీ అయ్యాక. ఖర్చు ఎక్కువైనా ఈ పద్ధతే మేలు. తొమ్మిదో తరగతికి వచ్చిన పిల్లలుంటే ఇంకో దారి లేదనే చెప్పాలి, ఎందుకంటే బోర్డు పరీక్షల రిజిస్ట్రేషన్ అక్కడినుంచే మొదలవుతుంది. అక్కడి బడిలో మన టీసీ లాంటి కాగితం ఉండకపోవచ్చు. చదివిన తరగతి, తేదీలు, మార్కులు రాసి ముద్ర వేసిన ఉత్తరం అడిగి తీసుకోవాలి. సెలవుల్లో బడి ఆఫీసు మూసి ఉంటుంది కాబట్టి నెల ముందే.

డబ్బు విషయంలో జనం ఎక్కువగా మరిచేవి పెన్షన్ ఖాతాలు. ఆస్ట్రేలియాలో తాత్కాలిక వీసాపై పనిచేసినవాళ్ల సూపరాన్యుయేషన్ డబ్బును దేశం విడిచి, వీసా ముగిశాక అడిగి తీసుకోవచ్చు. భార్య అక్కడ పార్ట్‌టైమ్‌గా చేసినా ఆమెకూ వేరే ఖాతా ఉంటుంది. చిన్న మొత్తమని వదిలేసేది చాలాసార్లు అదే. జపాన్‌లో పెన్షన్ చందా తిరిగి కోరడానికి దేశం విడిచిన రెండేళ్లలోపే దరఖాస్తు చేయాలి. పన్ను దగ్గర ఇంకో అపోహ. తిరిగొచ్చిన ఎన్నారై ఎవరికైనా విదేశీ ఆదాయంపై కొన్నాళ్లు మినహాయింపు ఉంటుందని అనుకుంటారు. ఆ మినహాయింపు దక్కాలంటే గత పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్ రెసిడెంటుగా ఉండాలి, లేదా గత ఏడేళ్లలో భారత్‌లో ఉన్నది 729 రోజులకు మించకూడదు. అంటే దాదాపు అయిదేళ్లు బయట ఉన్నవాళ్లకు. రెండు మూడేళ్ల కోచ్ ఒప్పందానికి అది అందదు.

సామాను సంగతి చెప్పేంత పెద్దది కాకపోయినా తగాదాలన్నీ దాని దగ్గరే. కాపురం మార్చుకుని వచ్చేవాళ్లకు భారత కస్టమ్స్ ఇచ్చే మినహాయింపు, బయట ఉన్న కాలాన్నిబట్టి పెరుగుతుంది. 2016 బ్యాగేజీ నియమాల్లో మూణ్నెల్లు దాటితే 60 వేల రూపాయలు, ఆర్నెల్లు దాటితే లక్ష, ఏడాదికి రెండు లక్షలు, రెండేళ్లకు అయిదు లక్షలు ఉండేది. అంకెలు మారుతుంటాయి, ప్రయాణానికి ముందు చూసుకోవాలి. అమెరికా మిక్సీ 120 వోల్టులది, మన ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. అక్కడే ఇచ్చేయడం మంచిది. గల్ఫ్ మిక్సీకి పిన్ను మారిస్తే చాలు. కోచ్ సామానుకు ఇంకో చిక్కుంది. కోన్‌లు, నిచ్చెన తాళ్లు, సగం వాడిన షటిల్ గొట్టాలు, పదకొండు రంగుల జెర్సీలు, మెమెంటోలు. వీటిలో ఏది జట్టుది, ఏది ఇంటిది అన్నది కోచ్‌కే తెలుసు, ఆ కోచేమో పోటీలో ఉన్నాడు. అట్టపెట్టెల మీద జట్టు, ఇల్లు, ఇచ్చేసేవి అని మార్కరుతో రాసి, మొదటి పెట్టెను మాత్రం అతను వచ్చేదాకా అంటించకుండా ఉంచడం అనుభవం ఉన్న ఇల్లాళ్ల పద్ధతి.

పావగడ చేరాక మిగిలేవి ఇక్కడి పనులు. సామాను బండి దేవనహళ్లి విమానాశ్రయం నుంచి నూరు కిలోమీటర్ల పైనే రావాలి. శ్రావణ శనివారం మాత్రం దాన్ని రప్పించకూడదు, శనిమహాత్మ గుడి జనంతో ఊళ్లో బండి మలుపు తిరగదు. పిల్లలు పరాయి దేశంలో ఇంగ్లిషులో చదివి, ఇంట్లో తెలుగు విని వచ్చి ఉంటారు. ఇక్కడ బడిలో వాళ్లకు కన్నడ ఎదురవుతుంది. 2015 నాటి కన్నడ భాషా అభ్యసన చట్టం ప్రకారం రాష్ట్రంలోని బడులన్నీ, సీబీఎస్‌ఈ బడులతో సహా, మొదటి లేదా రెండో భాషగా కన్నడ నేర్పాలి. అక్షరాలు తెలుగుకు దగ్గర కాబట్టి చదవడం తొందరగా వస్తుంది, వ్యాసం రాయడానికే సమయం పడుతుంది. సరిహద్దు దాటితే మడకశిర. అక్కడి బడిలో వేస్తే తెలుగుతో సరిపోతుంది గానీ, రేపు కర్ణాటక కోటాలో సీటు అడిగేటప్పుడు ఈ రాష్ట్రంలో చదివిన ఏళ్లు లెక్కకు వస్తాయి. తొందరపడి తీసుకోకూడని నిర్ణయం ఇది.

ఈ తాలూకాలో చాలా ఇళ్లకు ఉండే ఇంకో లెక్క సోలార్ పార్కు కౌలు. తిరుమణి, వళ్లూరు వైపు దాదాపు 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు ఉంది. భూములు అమ్మలేదు, ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలతో మొదలుపెట్టి కౌలుకిచ్చారు. పట్టాదారు విదేశంలో ఉన్నన్నాళ్లూ ఆ కౌలు ఎన్‌ఆర్‌వో ఖాతాలో పడాలి. తిరిగొచ్చాక ఆ ఖాతాను మామూలు రెసిడెంటు ఖాతాగా మార్పించాలి, ఎన్‌ఆర్‌ఈ ఖాతా ఉంటే దాన్నీ. విదేశీ కరెన్సీని అలాగే ఉంచుకోవాలంటే ఆర్‌ఎఫ్‌సీ ఖాతా తెరవవచ్చు. ఓటరు జాబితాలో పేరు ఉందో తీసేశారో కూడా అదే వారం చూసుకోవడం మంచిది.

విదేశంలోని బ్యాంకు ఖాతా అప్పటికీ మూయకుండా ఉంచాలి. ఇంటి డిపాజిట్, కరెంటు డిపాజిట్, పన్ను రీఫండు, జట్టు నుంచి రావాల్సిన బోనస్ వంటివి ఒక్కోటిగా నెలల తరబడి దానిలోకే వస్తాయి. అన్నీ పడ్డాయని జాబితాలో టిక్కు పెట్టుకున్నాకే దాన్ని మూసేయమని ఉత్తరం పంపాలి. ఖాతా ఉమ్మడిదైతే ఆ ఉత్తరం మీద ఇద్దరి సంతకాలూ కావాల్సి రావచ్చు.