ముత్తియాల్‌పేట పంక్చర్ కొట్టు

టైరు దిగిపోయేదాకా పంక్చర్ కొట్టు ఎవరి కంటికీ ఆనదు. పుదుచ్చేరి నుంచి ఆరోవిల్ వెళ్లే జనం ముత్తియాల్‌పేట మీదుగా ఈస్ట్ కోస్ట్ రోడ్డు ఎక్కుతారు. 1968లో మొదలైన ఆరోవిల్‌లో యాభైకి పైగా దేశాలవాళ్లున్నారు. మేకుకి వాళ్లయినా మనమైనా ఒకటే. ఇక్కడి మెకానిక్ నీ దేశమేదని అడగడు, వాల్వు చూస్తాడు. యూరప్ నుంచి తెచ్చుకున్న రేసు సైకిళ్లకు సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటుంది. దాని కొసనున్న బుల్లి నట్టు వదులు చేస్తేగానీ గాలి ఎక్కదు. మన పంపు దానికి పట్టదు గనక ఇత్తడి అడాప్టరొకటి డబ్బాలో దాచుకున్నాడు. ట్యూబును నీళ్లతొట్టిలో కొంచెంకొంచెంగా తిప్పుతుంటే ఫ్రెంచావిడా, కొరియా కుర్రాడూ బుడగ కోసం ఒకే ఆత్రంతో వంగి చూస్తారు. బెజ్జం దొరికాక గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, తడారేదాకా ఆగుతాడు. తొందరపడి అతికిస్తే ఎండకి ప్యాచ్ ఊడొస్తుంది. ఆపైన టైరు లోపలంతా వేళ్లతో తడిమి, ముల్లు పీకి, వాళ్ల అరచేతిలో పెడతాడు. సంజాయిషీకి భాష అక్కర్లేదు. విదేశీయులని రూపాయి ఎక్కువ అడగడు. నా తెలుగు విని "యానామా సార్?" అని ఆప్యాయంగా పలకరిస్తాడు గానీ, నాకూ రూపాయి తగ్గించడు.