శోకము గురువా?

కన్నీరు కార్చనివాడు కవి కాజాలడను మాట మన సాహిత్యగోష్ఠులలో తరచుగా వినబడుచుండును. కవి దరిద్రుడనియు, భార్యావియోగియనియు, రోగపీడితుడనియు తెలిసినంతనే వాని పద్యములకు వెల హెచ్చును. భార్యాబిడ్డలతో సుఖముగా నుండి వ్రాసినవానియెడ మనకు సంశయము. ఈ నమ్మిక పైకి నిర్దోషముగా దోచును గాని, దానివలన గలుగు హాని స్వల్పము కాదు. కావున దాని మంచిచెడ్డలు కొంచెము విచారింతము.

ఈ పక్షమువారు మొట్టమొదట జూపు నిదర్శనము వాల్మీకి. తమసాతీరమున నిషాదుడు క్రౌంచమును గూల్చెను, మునినోట శ్లోకము వెడలెను, శోకమే శ్లోకమయ్యెనందురు. నిజమే. ఐనను బాలకాండమును మరల చదివి చూడుడు. బాణము తగిలినది పక్షికి; జతను గోల్పోయి యేడ్చినది ఆడుపక్షి. ముని యా దుఃఖమును జూచి కరగెను. పిదప తన నోట వెడలిన మాటలకు తానే విస్మితుడై, పాదములును అక్షరములును సమముగా గుదిరినవనియు, వీణపై బాడదగియున్నవనియు శిష్యుడగు భరద్వాజునితో బలికెను. పరదుఃఖమునకు గరగు హృదయమును, అక్షరములను లెక్కింపగల బుద్ధియు నొక్కచో గూడినప్పుడే శ్లోకము పుట్టినది. సుమారు వేయి సంవత్సరముల క్రిందట కాశ్మీరదేశీయుడగు అభినవగుప్తుడు ధ్వన్యాలోకమునకు వ్యాఖ్య వ్రాయుచు, ఈ శోకము ముని సొంతశోకమని తలపరాదని హెచ్చరించెను. మునియే దుఃఖార్తుడైనచో నచట రసమునకు దావు లేదని యాతని మతము. ఇంగ్లండున వర్డ్సువర్తు సయితము 1800లో ‘లిరికల్ బాలడ్సు’ పీఠికయందు, ప్రశాంతచిత్తమున మరల స్మరింపబడిన యుద్వేగమునుండియే కవిత పుట్టునని నిర్ణయించెను.

“అట్లయిన జాషువా సంగతి యేమి?” అని యడుగువారుందురు. 1895లో వినుకొండలో బుట్టిన గుఱ్ఱము జాషువా పేదరికమును, కులమతభేదమును తన గురువులని చెప్పుకొనెను. మొదటిది ఓర్పు నేర్పినదనియు, రెండవది ఎదిరించు శక్తిని బెంచినదనియు నాతని మాట. ఆ మాట శిరసావహింపదగినదే. కాని 1941లో వెలువడిన ‘గబ్బిలము’ను విప్పి చూడుడు. ఆకలిగొన్న యంటరానివాడొకడు కాశీలోని విశ్వనాథునకు గబ్బిలముచే సందేశ మంపును. మనుష్యునకు మూసిన గుడితలుపు గబ్బిలమునకు మూయబడలేదు గదా! ఈ యొక్క యూహలో నెంత యెత్తిపొడుపు గలదు! కాళిదాసుని మేఘసందేశమును జదివి, యక్షుని ప్రియావిరహము ప్రక్కన తనవారి యాకలిని నిలిపి చూచినవానికి గాని యిది తట్టదు. పేదరికముతోపాటు కాళిదాసును ఆతనికి గురువే. అంటరానితనమను నిప్పు లక్షలమందిని గాల్చినది. బాధయే కవిత్వము నేర్పునదైనచో వాడకొక మహాకవి వెలసియుండవలెను. ఏల వెలయలేదు? వారికి బాధ చాలక కాదు, బడి లేక.

నా యనుభవ మొకటి చెప్పెదను. నాయొద్ద జదివిన బాలుడొకడు పదునాల్గవ యేటనే చక్కని వచనము వ్రాయుచుండెను. తన యూరి చెరువుగట్టును గూర్చి వాడు వ్రాసిన వ్యాసము నాకు నేటికిని జ్ఞాపకమున్నది. ఆ సంవత్సరమే వాని తండ్రి గతించెను. నేను పరామర్శకు బోయి, “నాయనా! ఇక నీ కలమునుండి నిజమైన కవిత్వము వచ్చును” అంటిని. అది యోదార్పనుకొంటిని. కొన్నాళ్లకు వాడు తెచ్చి చూపిన పుటలో గుండె బ్రద్దలగుటయు, లోకమంధకార మగుటయు గలవు గాని, తండ్రి లేడు. అన్నియు నెరువు మాటలే. ఆ వేసవి తరువాత వాడు బడికి రాలేదు. ఒక కొట్టులో లెక్కలు వ్రాయుటకు గుదిరెనని తెలిసినది. వానికి నాడు గావలసినవి బడిజీతమును, పుస్తకములును. నేనవి యడుగనైన లేదు. శోకమే వానికి జదువు చెప్పునని నమ్మి యింటికి వచ్చితిని.

బాధ నిష్ప్రయోజనమని నేననుట లేదు. బాధపడినవానికి జెప్పదగిన విషయముండును. తోడివాని నొప్పి తెలియును. కాని మన్నున్నంత మాత్రమున కుండ కాదు. సారెయు, చేతిపనియు, తడియారుటకు గాలమును గావలయును. వర్జీనియా ఉల్ఫు 1929లో, స్త్రీ రచన చేయవలెనన్న ఏటికి 500 పౌనుల యాదాయమును, తాళము గల సొంతగదియు గావలయునని వ్రాసినది. మన యిండ్లలో నంత సాధ్యము కాకపోవచ్చును. ఐనను కష్టములు కవిని జేయునని నమ్మువాడు, ఎదుటివాని కష్టమును దీర్పవలసిన పని తనకు లేదనుకొనును. ఈ నమ్మికలోని హాని యిదియే.

వ్రాయగోరు పిల్లవానికిగాని, కోడలికిగాని దుఃఖమును మనము తెచ్చియీయ నక్కరలేదు. అది తనంతట వచ్చును. మనమీయవలసినవి దీపము, పుస్తకము, దినమునకొక గడియ తీరిక.