యాత్రా రచనలో తొలిరోజు: 'ఫుల్ టిల్ట్' ప్రారంభంపై విమర్శ

ఉద్దేశం

ఈ పాఠం చదివిన తరువాత మీరు యాత్రా రచనలో ప్రయాణం మొదలయ్యే ఘట్టాన్ని ఎలా పరిశీలించాలో వివరించగలుగుతారు. రెండు యాత్రాగ్రంథాల ప్రారంభాలను పోల్చి, వాటి గుణదోషాలను నిర్ణయించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

యాత్రా రచన మీద వ్యాసం రాయమంటే విద్యార్థులు ఎక్కువగా వింత ప్రదేశాల వర్ణననూ, ప్రమాద ఘట్టాలనూ ఎత్తి చూపుతారు. ప్రయాణం మొదలైన రోజును 'బయలుదేరారు' అన్న ఒక్క మాటతో దాటేస్తారు. నిజానికి రచయిత శక్తి తేలిపోయేది ఆ రోజు దగ్గరే. తొలిరోజు చెప్పుకోదగ్గ సంఘటన ఏదీ జరగకపోవచ్చు. కొత్త దేశం ఇంకా అర్థం కాదు, ఒంటికి శ్రమ ఇంకా అలవాటు కాదు. విషయం అంతగా లేనప్పుడు రచయిత ఏం రాస్తారు? కొందరు పూలదండలతో, వీడ్కోలు మాటలతో, గొప్ప సంకల్పాలతో పుటలు నింపుతారు. మరికొందరు 'ఈ ప్రయాణం అసలు ఎప్పుడు మొదలైంది?' అని ప్రశ్నించుకుంటారు. ఈ రెండో రకానికి మంచి ఉదాహరణ ఐర్లండ్ రచయిత్రి డెర్వ్‌లా మర్ఫీ రాసిన 'ఫుల్ టిల్ట్'.

2. గ్రంథ పరిచయం

మర్ఫీ 1931 నవంబరు 28న లిస్మోర్‌లో జన్మించారు. 1963 జనవరి 14న ఫ్రాన్స్ తీరంలోని డన్‌కర్క్ నుంచి ఒంటరిగా సైకిలు మీద బయలుదేరి ఇటలీ, యుగోస్లావియా, బల్గేరియా, తుర్కీ, ఇరాన్, అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ల మీదుగా జూలైలో ఢిల్లీ చేరారు. ఈ యాత్రా గ్రంథం 1965లో వెలువడింది. సైకిలుకు ఆమె పెట్టుకున్న పేరు 'రోజ్'. డాన్ క్విక్సోట్ గుర్రం రోసినాంటే పేరుకు అది ముద్దుపేరు. పుస్తకం పేరులోని 'టిల్ట్' అన్న మాట గుర్రం మీద బల్లెం చేతబట్టి దూసుకుపోవడాన్ని సూచిస్తుంది. అయితే క్విక్సోట్ వెంట సాంకో పాంజా ఉన్నాడు, మర్ఫీ వెంట ఎవరూ లేరు. తన యాత్రను తానే కాస్త వేళాకోళం చేసుకునే ఈ ధోరణి శీర్షికలోనే కనిపిస్తుంది.

3. తొలిరోజు ఎక్కడ ఉంది?

ఈ గ్రంథంలో దినచర్యగా సాగే భాగం టెహరాన్ నుంచి మొదలవుతుంది. డన్‌కర్క్ నుంచి టెహరాన్ దాకా జరిగిన ప్రయాణమంతా ఒక ఉపోద్ఘాతంలో ఇమిడిపోయింది. ఆ ఏడాది ఐరోపాను వణికించిన చలి, మంచు పేరుకున్న దారులు, సైకిలు సాగక లారీ ఎక్కవలసి రావడం, తోడేళ్ల మీద తుపాకి పేల్చడం, అన్నీ అందులోనే వస్తాయి. బయలుదేరిన రోజుకు అందులో దక్కిన చోటు చాలా తక్కువ.

కాని ఉపోద్ఘాతం దేనితో మొదలవుతుందో గమనించండి. 1941లో పదో పుట్టినరోజుకు ఆమెకు ఒక సైకిలు, ఒక అట్లాసు కానుకగా వచ్చాయి. కొద్ది రోజులకే ఇంటి దగ్గరి ఎత్తైన దారిలో సైకిలు తొక్కుతూ, ఇలా తొక్కుతూనే ఉంటే ఇండియా చేరవచ్చు కదా అనుకున్నారు. పెద్దలు నవ్వి కొట్టిపారేస్తారని ఆ మాట ఎవరికీ చెప్పలేదు. పద్నాలుగేళ్లకే బడి మాని, కీళ్లవాతంతో కదలలేని తల్లికి ఏళ్ల తరబడి సేవ చేశారు. తండ్రి 1961లో, తల్లి 1962లో మరణించిన తరువాతే ఆమెకు దారి దొరికింది. అంటే రచయిత్రి లెక్కలో తొలిరోజు 1941లోనే గడిచిపోయింది. 1963 జనవరి 14 ఇరవై ఒక్క ఏళ్లు ఆగిన పని మళ్లీ కదిలిన రోజు.

సన్నాహాలు కూడా ఈ విషయాన్నే బలపరుస్తాయి. మార్గమధ్యంలోని కొన్ని నగరాలకు టైర్లు ముందే పంపారు. ఆసియా రోడ్ల మీద పాడవుతాయని సైకిలుకున్న గేర్లు తీయించేశారు. మన పల్లెల్లో ముహూర్తం ఒకనాడు, ప్రయాణం మరొకనాడు అయితే ఒక మూటనో బట్టనో ముందుగా పొరుగింట్లో ఉంచి 'ప్రస్థానం' పెట్టే ఆచారం ఉంది. మనిషి గడప దాటకముందే ప్రయాణం మొదలైనట్టు లెక్క. మర్ఫీకి ఆ ఆచారం తెలియకపోవచ్చు. ఆమె టైర్లు మాత్రం ఆ పనే చేశాయి.

4. కాశీయాత్ర చరిత్రతో పోలిక

తెలుగు యాత్రా సాహిత్యంలో తొలినాటి ప్రసిద్ధ గ్రంథం ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18 రాత్రి మద్రాసు విడిచి, దగ్గరలోనే ఉన్న మాధవరంలో మజిలీ చేశారు. హైదరాబాదు, నిర్మల్, నాగపూరుల మీదుగా కాశీకి వెళ్లి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. పల్లకీ, పెద్ద పరివారంతో సాగిన యాత్ర కనుక అది ఒంటరి ప్రయాణం కాదు. అయినా ఈ రెండు గ్రంథాలకూ ముఖ్యమైన పోలిక ఒకటి ఉంది. వీరాస్వామయ్య తన వివరాలను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి రాసి పంపుతూ వచ్చారు. అవి 1838లో అచ్చయ్యాయి. మర్ఫీ కూడా దినచర్యను విడతలుగా స్వదేశంలోని స్నేహితులకు పంపారు.

ఎదుట ఉన్న పాఠకుడు ఎవరన్నదాన్ని బట్టి ప్రారంభం మారుతుంది. మిత్రుడికి 'నేనెందుకు బయలుదేరాను' అని చెప్పనక్కరలేదు. అందుకే వీరాస్వామయ్య తొలిరోజు తేదీ, వేళ, మజిలీలతో ముగుస్తుంది. ఆ పొదుపులో నిజాయితీ ఉంది. మర్ఫీ స్నేహితులకు రాసినదాన్ని అపరిచితులకు అందించవలసి వచ్చినప్పుడు, వారికోసం ముందు ఒక కారణాన్ని చేర్చారు. ఉపోద్ఘాతం అలా పుట్టిందని భావించవచ్చు.

5. సైకిలు నుంచి కనిపించే విదేశం

విమానంలో వెళ్లినవారికి విదేశం తలుపు తీసినట్టు ఒక్కసారిగా ఎదురవుతుంది. సైకిలు మీద వెళ్లేవారికి అది కొద్దికొద్దిగా మొదలవుతుంది. ఈ పాఠం రాస్తున్న పెద్ద కొడప్‌గల్ 161వ జాతీయ రహదారి మీద ఉంది. ఇక్కడి నుంచి మద్నూర్ దాటి మహారాష్ట్రలోని దెగ్లూర్ వైపు సైకిలు తొక్కితే, బోర్డుల మీద తెలుగు పోయి దేవనాగరి లిపి వస్తుంది. మనుషుల మాట మాత్రం అలా ఒకేచోట మారదు. మద్నూర్, జుక్కల్ ప్రాంతాల్లో తెలుగుతోపాటు మరాఠీ, కన్నడం ముందునుంచే వినిపిస్తుంటాయి. ఈ అనుభవం ఉన్న పాఠకుడు, సరిహద్దు దాటగానే అంతా కొత్తగా ఉందని రాసే యాత్రికుణ్ణి తేలికగా నమ్మడు. తొలిరోజునే విదేశాన్ని వింతగా చూపాలన్న ఆత్రం మర్ఫీకి లేకపోవడం ఆమె రచనకు బలం.

6. విలువ నిర్ణయం

ఈ ప్రారంభం వల్ల నష్టం లేదని చెప్పలేం. మొదటి రాత్రి ఎలా గడిచిందో, తొలి అలసట ఎలా ఉందో, వెనక్కి వెళ్లిపోదామన్న ఆలోచన వచ్చిందో లేదో మనకు వివరంగా తెలియదు. దినచర్య మొదలయ్యే సరికి మన ముందున్నది రాటుదేలిన యాత్రికురాలు. ఒక మామూలు మనిషి యాత్రికురాలిగా మారే దశను మనం దగ్గరగా చూడలేకపోయాం. ఇది నిజమైన లోపం.

అయినా లాభమే ఎక్కువని నా అభిప్రాయం. వీడ్కోలు దృశ్యం రాసి ఉంటే పాఠకుడు ఆమెను 'సాహసవంతురాలు' అని మెచ్చుకుని పక్కకు జరిగేవాడు. ఆ మెచ్చుకోలును మర్ఫీ ఎప్పుడూ అంగీకరించలేదు. ఉపోద్ఘాతం చదివినవారు చూసేది సాహసం కన్నా ముందు నిరీక్షణను. ఆ స్వేచ్ఛకు తల్లిదండ్రుల మరణం ముందుమెట్టు అయింది. సంతోషమూ దుఃఖమూ కలిసిన ఆ స్థితిని సాహసం అన్న మాట కప్పేస్తుంది. మీలో చాలామంది ఇంటి బాధ్యతల వల్ల చదువు ఆపి, ఏళ్ల తరువాత ప్రవేశ దరఖాస్తు నింపినవారే. ఆ దరఖాస్తు తేదీని మీ చదువుకు తొలిరోజు అంటే మీరు ఒప్పుకుంటారా? ఆ ప్రశ్నతోనే 'ఫుల్ టిల్ట్' ప్రారంభాన్ని మరోసారి చదవండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'ఫుల్ టిల్ట్'లో ప్రయాణం 1941లో మొదలైందని ఎందుకు చెప్పవచ్చు?
2. ఎవరిని ఉద్దేశించి రాశారన్నది యాత్రా రచన ప్రారంభాన్ని ఎలా మారుస్తుంది? రెండు గ్రంథాల ఆధారంగా వివరించండి.
3. మీ ఊరి నుంచి పొరుగు రాష్ట్రానికో, పొరుగు జిల్లాకో చేసిన ఒక ప్రయాణపు తొలిరోజును పదిహేను పంక్తుల్లో రాయండి. 'అద్భుతం', 'మరపురాని' వంటి మాటలు వాడకండి.