బొగ్గుకు దొరికిన దారి

మా పట్టిసీమ రేవు నుంచి గోదావరికి ఎదురు పోతే, పాపికొండలు దాటాక భద్రాచలం. అదే రైల్లో పోదామంటే కొవ్వూరులో ఎక్కి, విజయవాడ పోయి, డోర్నకల్లు చుట్టి, భద్రాచలం రోడ్డు స్టేషన్లో దిగాలి. ఆ స్టేషను ఉన్నది కొత్తగూడెంలో. రాముడి గుడికి అక్కణ్ణుంచి మళ్ళీ బస్సే.

కొవ్వూరు–భద్రాచలం రోడ్డు లైను మాట రాని అరుగు మా మెట్టలో లేదు. కాగితాలు ముందేసుకుని లెక్క తేల్చినవాడు మాత్రం నాకు తెలిసి ఈ పుస్తకం రాసిన అబ్బాయే. 151 కిలోమీటర్ల ఈ లైను, రాష్ట్రమూ వాటా పెట్టాలన్న షరతుతో, 2012–13 రైల్వే బడ్జెట్టుకెక్కింది. రెండేళ్లకు రాష్ట్రమే రెండయింది. తెలంగాణ వైపు సత్తుపల్లి దాకా ముక్క 2022లో పూర్తయింది. గనుల బొగ్గు కదలాలి గనక ఖర్చులో పెద్ద వాటా సింగరేణే భరించింది. ఇటు జంగారెడ్డిగూడెం మీదుగా రావలసిన భాగానికి అలాంటి అండ లేదు. పొగాకు ఉంది, పామాయిలు ఉంది, జనం ఉన్నారు. ఆ సరుకు రవాణా లెక్క ఇంకొంచెం విస్తరించి రాసి ఉంటే బాగుండేది.

కోనసీమ అధ్యాయం దగ్గర చాలాసేపు ఆగాను. కాకినాడ–కోటిపల్లి పట్టాలను రెండో ప్రపంచ యుద్ధకాలంలో పీక్కుపోయారు. లోక్‌సభ స్పీకరుగా పనిచేసిన బాలయోగి గారి పట్టుదల వల్ల 2004లో రైలు తిరిగొచ్చింది, చూడటానికి ఆయన లేరు. అక్కణ్ణుంచి నరసాపురానికి 57 కిలోమీటర్లు, 2000–01లో మంజూరు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడింటి మీదా వంతెనలు కావాలి. రాష్ట్రం పెట్టవలసింది 25 శాతం. ఆ వాటా ఆగినప్పుడల్లా పని కుంటుపడిన తీరు ఈ అబ్బాయి ఏడాదివారీగా చూపించాడు.

వేల్స్‌ ప్రస్తావన తెచ్చినందుకు అతన్ని ప్రత్యేకంగా మెచ్చుకుంటున్నాను. ఉత్తరాన హోలీహెడ్‌ నుంచి దక్షిణాన రాజధాని కార్డిఫ్‌కు రైలు ఇంగ్లండులోకి దిగి, ష్రూస్‌బరీ మీదుగా పోవలసిందే. 2008లో ఆ రెండు ఊళ్ళ మధ్య వేగపు రైలొకటి మొదలైతే, దాని ఖర్చుకు వేల్స్‌ ప్రభుత్వం డబ్బు కట్టింది. టిక్కెట్ల రాబడి ఒక్కటే చూసుకుంటే అలాంటి బండి నడవదు. మనిషి ప్రయాణానికి ప్రభుత్వం బాధ్యత పడాలన్నది ఈ పుస్తకం వాదన, నాదీ అదే.

మెట్ట ఊళ్ళ గ్రంథాలయాల్లో ఒక్కొక్క ప్రతి ఉంచండి. ఓటు అడగడానికి వచ్చినవారి చేతిలో నిధుల అధ్యాయం పెట్టి, మన వాటా ఎప్పుడు కడతారో అడగండి.